సెకండ్‌హ్యాండ్ అల్యూమినియం పడవ: ఏ లక్షణానికి ఏ కారణం, ఏ మరమ్మతు

పిచ్చాటూరు అరణియార్ జలాశయంలోనైనా, తడ వైపు పులికాట్ సరస్సులోనైనా, లోతు తక్కువ నీళ్లలో చేపలకు తిరగడానికి అడుగు చదునుగా ఉన్న అల్యూమినియం పడవ చాలా అనువైనది. బరువు తక్కువ. ట్రాలీ మీదకి ఇద్దరు ఎక్కించగలరు. పులికాట్‌లో చాలాచోట్ల నీళ్లు మీటరు లోతు కూడా ఉండవు, అక్కడా తేలుతుంది. అయితే పాత పడవని కొని మన అవసరాలకు మార్చుకున్నాక వచ్చే ఇబ్బందులు ఎక్కువగా పడవ వల్ల రావు, మనం దానికి చేర్చిన వాటి వల్ల వస్తాయి. ప్లైవుడ్, ఇనుప స్క్రూలు, కార్పెట్, బ్యాటరీ, వైర్లు. వీటిలో ప్రతిదీ బరువునో, తేమనో, వేరే లోహాన్నో పడవలోకి తెస్తుంది. కాబట్టి ఏ లక్షణం కనిపించినా, ఆ చోట కొత్తగా ఏం బిగించామో ముందు చూడండి.

పని వరస కూడా ముఖ్యమే. మొదట లీకులు, తర్వాత మోటారు బిగించే వెనక పలక, ఆ తర్వాత ఫ్లోరింగ్, చివర్లో వైరింగ్. ఫ్లోరింగ్ ముందే వేసేసి లీకు కోసం మళ్లీ అంతా పీకేవాళ్లు చాలామంది.

గంట తిరిగేసరికి కాళ్ల కింద నీళ్లు

ముందు డ్రెయిన్ ప్లగ్ (పడవలో చేరిన నీళ్లు వదిలే రంధ్రానికి పెట్టే మూత) రబ్బరు చూడండి. అది ఎండి పగిలి ఉంటే కొత్తది వేస్తే పని అయిపోయినట్టే. అది బాగానే ఉంటే, నీళ్లు ఎప్పుడు వస్తున్నాయో గమనించండి. ఊరికే కట్టేసి ఉంచినా వస్తుంటే లీకు అడుగు రివెట్లలోనో అతుకులోనో ఉంది. మనుషులు ఎక్కి నడిపినప్పుడే వస్తుంటే పక్క గోడల అతుకుల్లోనో, వెనక పలక అంచులోనో వెతకాలి.

కచ్చితమైన చోటు తెలియాలంటే పడవని గట్టు మీద పెట్టి లోపల నీళ్లు పోయాలి. బయటికి ఎక్కడ చెమ్మ కారుతుందో అక్కడ మార్కర్‌తో గుర్తు పెట్టాలి. ఇక్కడ ఒక జాగ్రత్త. 12 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉన్న అడుగులో 3 అంగుళాల నీళ్లంటే దాదాపు 340 లీటర్లు, అంటే 340 కిలోలు. ట్రాలీ రోలర్ల మీద ఉంచి పోస్తే రేకు సొట్టపోతుంది. అడ్డబద్దల కింద చెక్కలో ఇసుక మూటలో పెట్టి, బరువు అంతటా సమానంగా ఆనేలా చూసుకుని పోయండి.

రివెట్ వదులైతే మార్చక్కర్లేదు. లోపల ఒకరు బరువైన ఇనుప దిమ్మె ఆనించి పట్టుకుంటే బయట ఇంకొకరు సుత్తితో బిగించవచ్చు. రివెట్ తల ఊడిపోయి ఉంటేనే మార్చాలి. హార్డ్‌వేర్ షాపులో దొరికే మామూలు పాప్ రివెట్ పనికిరాదు. దాని నడిమి రంధ్రంలోంచే నీళ్లు వస్తాయి. తోక మూసుకుపోయి ఉండే సీల్డ్ రకం అడిగి తెచ్చి, సీలెంట్ పూసి వేయండి. రేకు పగిలితే పగులు రెండు కొసల్లో 3 మి.మీ. రంధ్రం వేస్తే అది ఇంకా సాగదు. దాని మీద అదే రకం అల్యూమినియం ముక్కని సీలెంట్‌తో, రివెట్లతో వేయాలి.

బాత్రూమ్ సిలికాన్ వాడకండి. వెనిగర్ వాసన వచ్చే రకం ఆరేటప్పుడు ఆమ్లం వదులుతుంది, అది అల్యూమినియాన్ని తింటుంది. పైగా అది అంటిన చోట తర్వాత పెయింట్ నిలవదు. మెరైన్ పాలీయురేథేన్ సీలెంట్ ఖరీదెక్కువైనా అదే సరైనది. ఎం-సీల్ లాంటి పుట్టీ ఆ పూటకి గట్టు చేరడానికి సరిపోతుంది. అది గట్టిపడ్డాక వంగదు, పడవ అడుగు మాత్రం అలకి వంగుతూనే ఉంటుంది, కాబట్టి కొన్నాళ్లకి విడిపోతుంది.

ఆర్గాన్ వెల్డింగ్ చేయిస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. మొత్తం వెల్డింగ్‌తో కట్టిన మందమైన పడవకైతే చేయించండి. రివెట్లతో కట్టిన పల్చటి రేకు పడవకి నేను వద్దంటాను. వేడికి రేకు మెలి తిరుగుతుంది, చుట్టుపక్కల రివెట్లు వదులవుతాయి. ఒక లీకు పోయి నాలుగు మొదలవుతాయి.

నీళ్లు కనబడవు, పడవ మాత్రం బరువెక్కింది

సీట్ల కింద, ఫ్లోరింగ్ కింద ఉన్న పాత ఫోమ్ నీళ్లు పీల్చింది. సీటు రేకు విప్పి ఒక ముక్క కోసి పిండి చూడండి. తడిగా ఉంటే మొత్తం తీసేయాల్సిందే, అది ఎండదు. కానీ తీసేసి ఖాళీగా వదలొద్దు. పడవ నిండా నీళ్లు వచ్చినా మునక్కుండా నిలబెట్టేది ఆ ఫోమే. బదులుగా నీళ్లు పీల్చని ఎక్స్‌పీఎస్ షీట్లు పెట్టండి, భవనాల పైకప్పులకి ఇన్సులేషన్‌గా వాడతారే, అవి. 100 లీటర్ల పరిమాణం ఉన్న ఫోమ్ నీళ్లలో 95 కిలోలకు పైగా మోస్తుంది. టీవీ పెట్టెల్లో వచ్చే పూసల థర్మకోల్ వద్దు. మెల్లగా నీళ్లు పీలుస్తుంది. పెట్రోలు ఒలికితే మాత్రం రెండూ కరిగిపోతాయి.

స్క్రూల చుట్టూ తెల్ల పొడి, రేకులో సన్నటి గుంటలు

ఈ పడవలకి ప్రాణాంతకమైన జబ్బు ఇదే. లీకు కనబడుతుంది కాబట్టి బాగు చేస్తాం. ఇది ఫ్లోరింగ్ కింద ఏళ్ల తరబడి కనబడకుండా సాగుతుంది.

రెండు వేరువేరు లోహాలు ఒకదానికొకటి ఆనుకుని ఉండి, వాటి మధ్య తేమ చేరితే అదొక చిన్న బ్యాటరీ అవుతుంది. అందులో బలహీనమైన లోహం కరిగిపోతుంది. అల్యూమినియం పక్కన రాగి, ఇత్తడి, ఇనుము, స్టీలు ఏది ఉన్నా కరిగేది అల్యూమినియమే. నీళ్లలో ఉప్పు పెరిగే కొద్దీ ఇది వేగంగా జరుగుతుంది. అరణియార్ మంచినీళ్లలో ఏళ్లు పట్టే నష్టం, ఎండాకాలం పులికాట్ ఉప్పునీళ్లలో చాలా త్వరగా జరిగిపోతుంది.

ఎక్కడెక్కడ వెతకాలంటే, ముందు స్క్రూలు. ఇనుప స్క్రూలుంటే అన్నీ తీసేయండి. స్టెయిన్‌లెస్ 316 వేసినా నైలాన్ వాషర్ పెట్టి, రంధ్రంలో సీలెంట్ నింపి బిగించాలి, లోహానికి లోహం నేరుగా తగలకూడదు. తర్వాత అడుగున పడి ఉండే వస్తువులు చూడండి. లంగరు గొలుసు, వల సీసపు గుండ్లు, తెగిన రాగి వైరు ముక్కలు, జేబులోంచి జారిన చిల్లర. అడ్డబద్దల సందుల్లో బురదలో ఇరుక్కున్న ఒక్క రాగి ముక్క చాలు, దాని కింద సూది రంధ్రం పడటానికి.

కొత్త పడవకి పూజ చేయించి ముందు భాగంలో రాగి యంత్రం రేకు బిగించే అలవాటు మన వైపు ఉంది. దాన్ని మేకుతో నేరుగా రేకుకి కొట్టొద్దు. చిన్న చెక్క ఫ్రేములో పెట్టి, సీటు మీద నీళ్లు తగలని చోట కట్టుకోండి. పసుపు, కుంకుమ, కొబ్బరినీళ్లు పడిన చోట అదే రోజు మంచినీళ్లతో కడిగేస్తే చాలు.

ఎక్కువమంది పట్టించుకోనిది ప్లైవుడ్. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై వేశాం కదా అని ధీమాగా ఉంటారు. చెదలు, బూజు పట్టకుండా ఆ ప్లైకి ఎక్కించే మందుల్లో రాగి లవణాలు ఉండొచ్చు. తడిసినప్పుడు అవి దిగి అల్యూమినియాన్ని తింటాయి. అందుకే ప్లైని ఆరు వైపులా, అంచులతో సహా, ఎపాక్సీతో మూసి, రేకుకీ దానికీ మధ్య రబ్బరు పట్టీ వేయాలి.

గుంటలు పడిన చోట స్టెయిన్‌లెస్ బ్రష్‌తో తెల్ల పొడి పూర్తిగా గీకాలి. మామూలు ఇనుప బ్రష్ వాడితే దాని రజను రేకులో దిగబడి మళ్లీ అదే కథ. గీకాక ఎపాక్సీతో నింపి, ఎచ్ ప్రైమర్ (నున్నటి లోహానికి రంగు పట్టేలా చేసే తొలి పూత) వేసి, ఆపైన రంగు వేయండి. ఇసుక కాగితం పట్టిన రోజే ప్రైమర్ వేయాలి, ఆలస్యమైతే అల్యూమినియం మీద మళ్లీ ఆక్సైడ్ పొర ఏర్పడి పెయింట్ పట్టు తగ్గుతుంది. చెక్క పడవల అడుగుకి వేసే రాగి కలిసిన పెయింట్ దీనికి వేయకూడదు. పడవ నీళ్లలోనే ఉండిపోతుంటే మన రేకుకి బదులు కరిగిపోయే యానోడ్ ఒకటి వెనక బిగించండి. మంచినీళ్లకి మెగ్నీషియం రకం, ఉప్పునీళ్లకి జింకు లేదా అల్యూమినియం రకం. దాని మీద మాత్రం పెయింట్ వేయొద్దు.

మోటారు ఊగుతోంది, వెనక పలక మెత్తగా తగులుతోంది

మోటారు పై కొసని పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపండి. పలక వంగుతుంటే, లేదా తట్టినప్పుడు మొద్దుగా శబ్దం వస్తుంటే లోపలి చెక్క కుళ్లింది. పాత బోల్టు రంధ్రాల్లోంచి నీళ్లు దిగడమే కారణం. 18 మి.మీ. ప్లై రెండు పొరలు ఎపాక్సీతో అతికించి కొత్త పలక చేసుకోండి. బోల్టు రంధ్రాలు ముందు పెద్దవిగా వేసి, ఎపాక్సీతో నింపి, ఆరాక అసలు సైజులో మళ్లీ వేస్తే నీళ్లకి చెక్క తగలదు. వంటింటి అల్మారాలకి వాడే డబ్ల్యూపీసీ బోర్డు తడికి చెడదు, నిజమే. కానీ మోటారు తోపుకి, మన ఎండకి అది వంగుతుంది. ఇక్కడ వాడొద్దు.

ఎండకి అడుగు కాలుతోంది, అడుగేస్తే మోత, తడిస్తే జారుతోంది

ఏప్రిల్, మే నెలల్లో తిరుపతి వైపు 40 డిగ్రీలు దాటుతుంది. నగ్నంగా ఉన్న రేకు మీద చెప్పుల్లేకుండా నిలబడలేం. అందుకే కార్పెట్ అతికిస్తారు. అది తడిని రోజుల తరబడి పట్టి ఉంచి పైన చెప్పిన తెల్ల పొడి, గుంటల సమస్యకి దారి తీస్తుంది. లేత రంగు ఈవీఏ (మెత్తటి ఫోమ్ రకం) మ్యాట్ మేలు. కాలదు, జారదు, మోత తగ్గి చేపలు బెదరవు. కింద ఎలాగూ గట్టి ఆధారం కావాలంటే బస్సు బాడీ కట్టే షెడ్లలో దొరికే అల్యూమినియం చెకర్ ప్లేట్ వేయించండి. నీళ్లు కిందకి జారి డ్రెయిన్ వైపు వెళ్లేలా అంచుల్లో సందు వదలాలి.

ఎత్తు డెక్ వేశాక పడవ అటూ ఇటూ తూగుతోంది

బరువు పైకి చేరింది. 12 మి.మీ. ప్లై షీటు 8×4 సైజులో ఒకటే 20 కిలోలు దాటుతుంది, దాని మీద నిలబడ్డ మనిషి బరువు అదనం. డెక్ సీటు ఎత్తు దాటకూడదు. బ్యాటరీ, లంగరు, ఐస్ బాక్స్ అడుగునే ఉండాలి. నడుము లోతు నీళ్లలో, లైఫ్ జాకెట్లు వేసుకుని, ఇద్దరు ఒకే పక్కకి జరిగి చూడండి. అంచు నీళ్లకి దగ్గరగా వస్తే డెక్ కోసి దించడమే మార్గం.

ముక్కు పైకి లేస్తోంది, లేదా మోటారు అరుస్తోంది కానీ పడవ కదలదు

ముక్కు లేవడానికి మనిషి, పెట్రోలు ట్యాంకు, బ్యాటరీ అన్నీ వెనకే ఉండటం కారణం. బ్యాటరీని ముందుకి మార్చండి. మోటారు అరుస్తుంటే ప్రొపెల్లర్‌కి గాలి తగులుతోంది. ప్రొపెల్లర్ పైన ఉండే అడ్డపలక పడవ అడుగుతో సమానంగా, లేదా దానికి ఒక అంగుళం లోపు కిందుగా ఉండాలి. 15 అంగుళాల వెనక పలకకి షార్ట్ షాఫ్ట్ మోటారు, 20 అంగుళాలకి లాంగ్ షాఫ్ట్. కొనేముందు టేపు పెట్టి కొలవండి.

ట్రోలింగ్ మోటారు కాసేపటికే నీరసపడుతోంది

ట్రోలింగ్ మోటారంటే పడవని మెల్లగా నడిపే, బ్యాటరీతో తిరిగే చిన్న మోటారు. 55 పౌండ్ల తోపు ఉన్న 12 వోల్టుల మోటారు ఫుల్ స్పీడులో 50 ఆంపియర్ల దాకా లాగుతుంది. 100 ఏహెచ్ (ఆంపియర్-అవర్) లెడ్ బ్యాటరీని సగానికి మించి వాడకూడదు కాబట్టి గంటే వస్తుంది. కారు బ్యాటరీ ఈ పనికి కాదు, అది ఇంజను స్టార్ట్ చేయడానికి చేసింది. కరకంబాడిలో బ్యాటరీల ఫ్యాక్టరీ ఉన్న ప్రాంతం మనది, డీలర్లకి కొదవ లేదు. ఈ-రిక్షాకి వాడే డీప్ సైకిల్ రకం (ఎక్కువసేపు వాడి మళ్లీ మళ్లీ చార్జ్ చేయడానికి చేసింది) అడగండి. డబ్బు పెట్టగలిగితే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ తీసుకోండి, అదే సామర్థ్యానికి బరువు సగం కూడా ఉండదు.

బ్యాటరీ బాగున్నా మోటారు నీరసంగా ఉంటే వైరు సన్నమైంది. ముందు నుంచి వెనక్కి రాను పోను 10 మీటర్ల వైరు 6 చదరపు మి.మీ. అయితే, 50 ఆంపియర్ల దగ్గర దాదాపు ఒకటిన్నర వోల్టు దారిలోనే పోతుంది. 16 చదరపు మి.మీ. వేస్తే అర వోల్టు చుట్టుపక్కల ఆగుతుంది. రాగి తీగకి తగరం పూత ఉన్న వైరు దొరికితే అదే వేయండి. ప్లస్ వైరుకి ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి.

కార్లలో లాగా బాడీనే మైనస్‌గా వాడే ఎలక్ట్రీషియన్లు ఉన్నారు. పడవకి అది విషం, కరెంటు రేకులోంచి నీళ్లలోకి పారి లోహాన్ని తినేస్తుంది. ప్రతి లైటుకీ, పంపుకీ రెండు వైర్లు వేయించండి. పరీక్ష సులువే. అన్నీ ఆపి, మల్టీమీటరు ఒక కాలు బ్యాటరీ ప్లస్‌కి, ఇంకోటి రంగు గీకిన రేకుకి పెట్టండి. సున్నా చూపాలి. వోల్టేజీ చూపిస్తే ఎక్కడో మైనస్ రేకుకి తగులుతోంది. సెల్ఫ్ స్టార్ట్ ఉన్న అవుట్‌బోర్డ్ (వెనక పలకకి బిగించే ఇంజను) అయితే దాని బాడీ ద్వారా మైనస్ కలిసే ఉంటుంది, కాబట్టి దాని బ్యాటరీ వైర్లు విప్పి కొలవాలి.

అంతా బాగుంది, నీళ్లలోకి దించనివ్వడం లేదు

కల్యాణి డ్యామ్ తాగునీటిది, అక్కడ ఆశ పెట్టుకోవద్దు. జలాశయాల్లో చేపల హక్కు చాలాచోట్ల మత్స్యకారుల సహకార సంఘాలకి ఉంటుంది, వాళ్లనీ మత్స్యశాఖనీ అడిగాకే దిగండి. పులికాట్‌లో పక్షుల అభయారణ్యం ఉంది కాబట్టి అటవీశాఖ అనుమతి విషయం తెలుసుకోవాలి. మోటారు పెడితే ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం, 2021 కింద రిజిస్ట్రేషన్ ప్రశ్న వస్తుంది. ఏ నీళ్లలో తిరగబోతున్నారో, అక్కడ మోటారు ఒప్పుకుంటారో లేదో ముందు ఖాయం చేసుకుని, ఆ తర్వాతే వెనక పలకకి రంధ్రాలు వేయించండి.