డైవింగ్ ముందు, సర్ఫింగ్ చివర

దీవిలో సర్ఫింగ్, డైవింగ్ రెండూ ఉన్న రిసార్ట్‌కి వెళ్తున్నారా? డైవింగ్ మొదటి రోజుల్లోనే పెట్టుకోండి, చివరి రోజు అలలకి వదిలేయండి. నీటి అడుగున సిలిండర్ గాలి పీలుస్తుంటే ఒత్తిడికి నైట్రోజన్ ఒంట్లో కరుగుతుంది. పైకొచ్చాక అది మెల్లగా బయటికి పోవాలి. ఈలోగా విమానం ఎక్కితే, క్యాబిన్‌లో ఒత్తిడి తక్కువ కాబట్టి బుడగలు కట్టి, కీళ్ల నొప్పుల నుంచి పక్షవాతం దాకా రావచ్చు. ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, వరసగా చేస్తే 18 గంటలు ఆగాలి. నన్నడిగితే పూర్తిగా 24 ఆగడమే మేలు. ఎత్తైన కొండలెక్కడం కూడా అప్పటిదాకా వద్దు. కుటుంబం నడిపే చిన్న రిసార్ట్ అయితే బుకింగ్‌లోనే తిరుగు విమానం టైమ్ చెప్పేయండి, దాన్నిబట్టి రోజులు సర్దమని అడగండి.