ఫిలిప్పీన్స్ అస్వాంగ్‌తో మిస్టరీ నవల ఎలా రాయాలి?

నా మొదటి చిత్తుప్రతిలో ఆరు రకాల భూతాలున్నాయి. చెట్టు మీద కూర్చుని చుట్ట కాల్చే కాప్రే, దారి తప్పించే గుర్రపుతల టిక్‌బాలాంగ్, అడవిలో పసిబిడ్డలా ఏడ్చే టియానాక్, ఇలా అధ్యాయానికొకటి. నూట ఇరవై పేజీలయ్యాక తప్పు తెలిసింది. ఏదైనా జరిగే లోకంలో ఏ ఆధారానికీ విలువుండదు. అన్నీ తీసేసి, రాత్రిళ్లు రూపం మార్చి మనుషుల్ని తినే అస్వాంగ్ ఒక్కదాన్నే ఉంచుకున్నాను. మీరూ ఒక్కదానితోనే మొదలుపెట్టండి.

నేను ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలోలో మెడిసిన్ చదివాను. పక్కనున్న కాపిజ్ ప్రావిన్స్‌కు అస్వాంగ్‌ల ఊరని పేరు. అక్కణ్ణుంచి వచ్చిన క్లాస్‌మేట్‌ను అందరూ ఆటపట్టించేవారు. అతను నవ్వేవాడు, కానీ రాత్రి భోజనానికి మాతో కూర్చోవడం మానేశాడు. అస్వాంగ్ అంటే పగలు మన పక్కింటి మనిషే. అందుకే ఆ మాటను 'దెయ్యం' అని మార్చకండి. దెయ్యమంటే చచ్చినవాళ్లు గుర్తొస్తారు. మీకు కావలసింది బతికున్న అనుమానితులు.

తర్వాత నియమాలు రాసుకోండి, ఎందుకంటే క్లూలు అక్కడే దొరుకుతాయి. అస్వాంగ్‌లలో మనానంగ్గల్ అనే రకం నడుము దగ్గర విడిపోయి, పైభాగంతో గర్భిణుల ఇళ్ల మీదికి ఎగురుతుందంటారు. కింది సగం మీద ఉప్పో బూడిదో చల్లితే మళ్లీ అతుక్కోలేదు. నాకు అంతకంటే పనికొచ్చింది అస్వాంగ్ తిరిగేటప్పుడు వినిపించే టిక్‌టిక్ చప్పుడు. అది సన్నగా వినిపిస్తే దగ్గర్లో ఉన్నట్టు, గట్టిగా వినిపిస్తే దూరంగా ఉన్నట్టు. ఇప్పుడు మీ సాక్షి చేత ఇలా చెప్పించండి: "చప్పుడు చాలా గట్టిగా వినిపించింది, భయపడి పారిపోయాను." ఆ ఊళ్లో పుట్టినవాడైతే గట్టి చప్పుడుకు ఊపిరి పీల్చుకోవాలి కదా! అతను అబద్ధమాడుతున్నాడు.

పగ్‌పగ్ అనే ఆచారం కూడా ఇలాంటిదే. శవం దగ్గర జాగారానికి వెళ్లినవాళ్లు నేరుగా ఇంటికి రారు. మృతుడి ఆత్మ వెంట వస్తుందని దారిలో ఏ కొట్టు దగ్గరో కాసేపు ఆగుతారు. కాబట్టి "జాగారం నుంచి తిన్నగా ఇంటికే వచ్చాను" అన్నవాణ్ని మీ డిటెక్టివ్ ఇంకోసారి పిలిచి అడగాలి.

నమ్మకాన్ని ఆయుధంగా వాడిన మనిషి నిజంగానే ఉన్నాడు. 1950ల్లో ఫిలిప్పీన్స్‌లో కమ్యూనిస్టుల హుక్ తిరుగుబాటును అణచే రోజుల గురించి అమెరికన్ అధికారి ఎడ్వర్డ్ లాన్స్‌డేల్ తన జ్ఞాపకాల్లో రాశాడు. కొండ మీద అస్వాంగ్ తిరుగుతోందని ముందు పుకారు పుట్టించారు. తర్వాత తిరుగుబాటుదారుల గస్తీలో చివరి మనిషిని పట్టుకుని, మెడకు రెండు గాట్లు పొడిచి, రక్తమంతా కారిపోయేలా తలకిందులుగా పట్టుకుని, శవాన్ని మళ్లీ దారిలో పడేశారు. మిగతావాళ్లు ఆ కొండ ఖాళీ చేశారట. ఇది చదివాక నా హంతకుడికి ముందుగా ఒక పుకారు ఇచ్చాను. హత్య రెండు నెలల తర్వాతే జరుగుతుంది.

దర్యాప్తు చేసేవాళ్లుగా బరాంగై కెప్టెన్ అనే ఊరి పెద్ద, రాత్రి గస్తీ తిరిగే తనోద్‌లు, అల్బులార్యో అనే ఒక నాటువైద్యుడు చాలు. కరిగిన మైనం నీళ్లలో పోసి ఆకారం చదివే ఈ వైద్యుడి దగ్గరికి ఊరంతా వస్తుంది కాబట్టి ఎవరి గుట్టయినా అతనికి తెలుస్తుంది. అతన్ని మోసగాడిగా చూపించకండి.

అస్వాంగ్ అని నిందపడిన మనిషి విషయంలో మాత్రం చాలా జాగ్రత్తగా రాయండి. ఇలోయిలో, కాపిజ్‌లున్న పనాయ్ దీవి కుటుంబాల్లో లుబాగ్ అనే జన్యు వ్యాధి ఉంది. ఎక్కువగా మగవాళ్లకొస్తుంది. నోరు, మెడ, ఒళ్లు మెలితిరుగుతాయి. అస్వాంగ్ కథలు బలపడటానికి ఈ జబ్బు కూడా కారణమనే వాదన ఉంది. అలాంటి కొడుకున్న తల్లి మీదికే నా కథలో ఊరు ఎగబడుతుంది.

కథంతా మా ఇంటి ఓనరమ్మకు చెప్పాను. అందరం ఆవిణ్ని 'లోలా' అని, అంటే అమ్మమ్మా అని పిలిచేవాళ్లం. హంతకుడెవరో చెబితే తలూపి, "మరి ఆ తల్లి ఇంటికి తర్వాత ఎవరు వెళ్లారు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రే ఇంకో అధ్యాయం రాశాను. ముగ్గురు ఆడవాళ్లు అన్నం గిన్నెతో గేటు దాకా వస్తారు. లోపలికి రమ్మని ఆవిడ పిలవదు. మీ నవల్లోనూ ఆ గేటు దగ్గర ఏం జరిగిందో రాయండి, హంతకుడు దొరికిపోయిన తర్వాతైనా సరే.