పసిపిల్లల ఎగ్జిమా – 4వ పాఠం: ఇల్లు మారితే ఏం మార్చాలి

అమ్మమ్మగారింట్లో పుట్టిన బిడ్డను మూడో నెల్లోనో ఐదో నెల్లోనో నాన్నగారింటికి తీసుకెళ్తారు. చాలామంది పిల్లల్లో ఎగ్జిమా, అంటే చర్మం పొడిబారి ఎర్రబడి దురదపెట్టే జబ్బు, తొలిసారి బయటపడేదీ ఆ వయసులోనే. బుగ్గలు ఎర్రబడి గరుకెక్కగానే "ఇక్కడి నీళ్లు పడలేదు" అనేస్తారు. అందులో నిజం కొంతే. జబ్బు స్వభావం బిడ్డ చర్మంలోనే ఉంది. ఇల్లు దాన్ని రేపుతుంది, లేదా అణిగి ఉండనిస్తుంది.

కాబట్టి గత పాఠాల్లో నేర్చుకున్నది ఎక్కడికెళ్లినా మారదు: గోరువెచ్చటి నీళ్లతో 5 నుంచి 10 నిమిషాల స్నానం, రుద్దకుండా అద్ది తుడవడం, 3 నిమిషాల్లోపు ఒళ్లంతా క్రీము, ఎర్రబడ్డచోట డాక్టరు రాసిన స్టెరాయిడ్ పూత. మారేవి మూడు: క్రీము చిక్కదనం, గదిలో గాలి, ఒంటిమీది బట్ట.

కోస్తా ఉక్కపోతలో

కాకినాడ, మచిలీపట్నం లాంటి ఊళ్లలో మే నెలలో చర్మం ఎండిపోవడం కన్నా చెమటతోనే ఎక్కువ పేచీ. మెడ మడతల్లో, మోచేతి వంపుల్లో, మోకాళ్ల వెనక చెమట నిలిచి, అందులోని ఉప్పు దురద రేపుతుంది. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, పెట్రోలియం జెల్లీని ఒళ్లంతా దట్టంగా పట్టించడం. చెమట బయటికి రాలేక చెమటకాయలు లేస్తాయి. అది చూసి ఎగ్జిమా పెరిగిందనుకుని ఇంకాస్త జెల్లీ రాస్తారు. తేడా ఇలా పట్టుకోండి: చెమటకాయలు గుండుసూది తలంత పొక్కులు, వీపు మీద, ఛాతీ మీద, మెడ దగ్గర వస్తాయి, చల్లటి చోట ఉంచితే రెండు మూడు రోజుల్లో అణుగుతాయి. ఎగ్జిమా గరుకు మచ్చలా అక్కడే ఉండిపోతుంది, ముఖ్యంగా బుగ్గల మీద.

అందువల్ల పగలు పలచటి క్రీము, రాత్రి గరుకు మచ్చల మీద మాత్రమే జెల్లీ. చెమట పడితే తడిపిన మెత్తటి నూలుగుడ్డతో అద్ది, ఆరాక మళ్లీ క్రీము. రెండు పూటలా స్నానం చేయించవచ్చు, రెండుసార్లూ క్రీము రాసేటట్లయితేనే. తడి మొలతాడు నడుమును ఒరుస్తూ ఉంటుంది, మచ్చలు తగ్గేదాకా తీసేయండి. నైలాన్ చీరతో కట్టిన ఉయ్యాల విప్పి పాత నూలుచీర కట్టండి, జరీ అంచు బిడ్డకు తగలకుండా.

సున్నిపిండి దగ్గర పెద్దవాళ్లతో వాదన తప్పదు. పిండితో రుద్దితే చర్మం మరింత చిట్లుతుంది. పైగా చిట్లిన చర్మం గుండా శనగ, పెసర లాంటి తిండి పదార్థాలు లోపలికి వెళ్తే వాటికే అలర్జీ మొదలయ్యే ముప్పు ఉంది. నలుగు మానేసి, కొబ్బరినూనెతో చేత్తో తేలిగ్గా మర్దన చేస్తే అమ్మమ్మ మాటా నిలుస్తుంది. ఆవనూనె వద్దు. సాంబ్రాణి పొగ కూడా వద్దు. పొగ చర్మాన్ని మండిస్తుంది, అదీకాక జెల్లీ పీల్చుకున్న బట్టకు నిప్పు ఇట్టే అంటుకుంటుంది.

హైదరాబాద్ ఫ్లాటులో

బోరు నీళ్లయినా ట్యాంకరు నీళ్లయినా బకెట్‌కు తెల్లటి పొర కడుతుంటే అవి కఠిన జలాలు. వాటిలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి జిడ్డు తెట్టులా చర్మానికి అంటుకుంటాయి, ఎంత కడిగినా పూర్తిగా పోవు. కాబట్టి మార్చాల్సింది సబ్బును. వాసన లేని, సబ్బు కాని క్లెన్సర్ చెంచాడు తీసుకుని మడతల్లో, డైపర్ భాగంలో మాత్రమే వాడండి. మిగతా ఒంటికి నీళ్లు చాలు. వేలు పోసి నీటి సాఫ్ట్‌నర్ (నీటి కాఠిన్యం తగ్గించే యంత్రం) పెట్టించాలా? ఎగ్జిమా ఉన్న పిల్లల మీద బ్రిటన్‌లో చేసిన పరీక్షలో దానివల్ల అదనపు లాభం కనిపించలేదు. ఆ డబ్బు క్రీముకు పెట్టండి. పసిబిడ్డకు వారానికి 100 గ్రాముల దాకా పడుతుంది. 100 గ్రాముల ట్యూబు నెల రోజులు వచ్చిందంటే సరిపడా రాయట్లేదన్నమాట.

ఏసీ 25, 26 డిగ్రీల దగ్గర ఉంచండి, గాలి నేరుగా బిడ్డ మీదికి రాకూడదు. ఏసీ గాలిలో తేమను లాగేస్తుంది, కోస్తాలో సరిపోయిన పలచటి క్రీము ఇక్కడ చాలదు. బిడ్డను ఏసీ గదిలో పడుకోబెట్టే ముందు చిక్కటి పూత వేయండి.

మందుల షాపులో "తామర మందు" అని ఇచ్చే ట్యూబు మాత్రం ముట్టుకోవద్దు. వాటిలో చాలావాటిలో బలమైన స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ కలిసి ఉంటాయి. రాసిన నాలుగు రోజులు బుగ్గ నున్నగా అవుతుంది, అందుకే అది ఇంటింటికీ పాకుతోంది. వాడుతూ పోతే పసి చర్మం పలచబడి సన్నటి రక్తనాళాలు పైకి కనిపిస్తాయి.

అమెరికా చలికాలంలో

హీటరు తిరుగుతున్న ఇంట్లో తేమ 20 శాతానికీ పడిపోవచ్చు. గాలిలో తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్ కొని బిడ్డ పడుకునే తొట్టి పక్కన పెట్టండి. 40 నుంచి 50 శాతం మన గురి. తక్కువుంటే చల్లటి ఆవిరి వదిలే హ్యూమిడిఫైయర్ వాడండి, డిస్టిల్డ్ నీళ్లు పోసి, రోజూ నీళ్లు మార్చి కడగండి. 50 దాటనిస్తే బూజు, పరుపులో దుమ్ము పురుగులు పెరుగుతాయి. అవీ ఎగ్జిమాను రేపేవే.

చలికని ఉన్ని స్వెట్టరు నేరుగా ఒంటికి వేయకండి, లోపల నూలు చొక్కా ఉండాలి. కారెక్కగానే పై కోటు విప్పండి, వేడికి చెమట పడితే కోస్తా కథ మళ్లీ మొదలు. బయటికి తీసుకెళ్లే ముందూ పాలు పట్టే ముందూ బుగ్గలకు, గడ్డానికి జెల్లీ పూస్తే చలిగాలి, చొంగ నేరుగా తగలవు.

ఏ ఊళ్లోనైనా మచ్చ మీద తేనెరంగు పెచ్చు కట్టినా, చీము కారినా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఒకేలాంటి చిన్న నీటి పొక్కులు గుంపుగా లేచి, పగిలి పుండ్లయి, జ్వరం కూడా ఉంటే అదే రోజు ఆసుపత్రికి. అది హెర్పిస్ వైరస్ కావచ్చు.

ఈ వారం పని: బిడ్డ పడుకునే గది ఉష్ణోగ్రత, తేమ, ఆ రోజు రాసిన క్రీము, రాత్రి గోకుడు ఎంతుందో ఒక కాగితం మీద రాయండి. మార్పులన్నీ ఒకేసారి చేయకండి, ఒకటి మార్చి వారం ఆగండి. వచ్చే పాఠం రాత్రి గోకుడు గురించి. ఈ కాగితం అప్పుడు కావాలి.