తుఫాను సంచిలో సామాన్లు: ఎక్కడ చెడతాయి, ఎలా బాగు చేయాలి

నెల్లూరు వైపు అసలు వానాకాలం అక్టోబరులో మొదలై డిసెంబరు దాకా సాగుతుంది. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు కోవూరు దగ్గర జాతీయ రహదారి, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు దెబ్బతిన్నాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి రోజుల్లో కొట్లు తెరవరు, ఆన్‌లైన్ సరుకు రాదు. ఇంట్లో ఏముంటే దానితోనే గడపాలి. అందుకే ఆ రోజులకు కావలసిన సామాను ఒక సంచిలో ముందే సర్ది ఉంచుకోవాలి.

ఇందుకోసం ఖరీదైన ట్రెక్కింగ్ సామాను అక్కర్లేదు. హార్డ్‌వేర్ కొట్టు, ఎరువుల కొట్టు, వలలూ తాళ్లూ అమ్మే కొట్టు, ఈ మూడింటిలో చాలా వరకు దొరికిపోతాయి. అయితే చవక సామాను ఎక్కడో ఒక చోట దెబ్బ తీస్తుంది, ఆ చోటు ముందే తెలుసుకోవాలి. సెప్టెంబరు చివర్లో ఒక ఆదివారం సంచి మొత్తం విప్పి, బకెట్ నీళ్లు పెట్టుకుని పరీక్షిస్తే లోపాలన్నీ బయటపడతాయి.

రెయిన్‌కోటు వేసుకున్నా లోపల తడుస్తోంది

కారుతోందా, చెమటా అన్నది ముందు తేల్చుకోండి. లేతరంగు నూలు చొక్కా మీద కోటు వేసుకుని కదలకుండా నిలబడండి. ఎవరినైనా భుజాల మీద నుంచి పది నిమిషాల పాటు మగ్గుతో నీళ్లు పోయమనండి. చొక్కా మీద గీతల్లా తడి కనిపిస్తే కుట్లు కారుతున్నాయి. సూది పడిన ప్రతి రంధ్రం నీటికి దారే. పొడిగానే ఉండి, నడిచాక మాత్రం వీపు, చంకలు తడిస్తే అది చెమట.

కుట్లు కారితే కోటును తిరగేసి పూర్తిగా ఆరబెట్టి, కుట్ల వెంట సీమ్ సీలర్ (కుట్ల రంధ్రాలు మూసే జిగురు) పూయాలి. టెంట్లకు వాడే ఆ ట్యూబు ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, వానలకు ముందే తెప్పించుకోవాలి. కొత్తది కొనేటప్పుడు కొట్టులోనే లోపలి వైపు చూడండి. కుట్టు మీద నున్నటి టేపు అతికించి ఉంటే తీసుకోండి, లేకపోతే రంగూ బ్రాండూ చూసి మోసపోవద్దు. నైలాన్ కోటు లోపలి పూత జిగురుగా మారి పొరలుగా రాలుతుంటే దానికి మరమ్మతు లేదు. తడి ఆరకుండా మడిచి వేడి గదిలో పడేస్తే అలా అవుతుంది. ఈ ఏడాది కొనే కోటునైనా హ్యాంగరుకు తగిలించండి.

చెమట సమస్యకు ఒక సైజు పెద్దది, వీపు మీద గాలాడే చీలిక ఉన్నది మేలు. నడిచేవారికి పోంచో (తల దూర్చి వేసుకునే వదులు వాన ముసుగు) హాయిగా ఉంటుంది. బైకు మీద మాత్రం అది వద్దే వద్దు, గాలికి ఎగిరి చక్రంలో పడితే ప్రాణం మీదికి వస్తుంది. బైకుకు కోటు, ప్యాంటు విడివిడిగా ఉన్న జత కొనాలి. రంగు పసుపో నారింజో ఉండాలి. జోరు వానలో నల్ల కోటు మనిషి లారీ డ్రైవరుకు కనిపించడు.

చలికాలం కాకపోయినా వణుకు వస్తోంది

మన దగ్గర చలేముంది అనుకుంటాం. తడి బట్ట మీద గాలి కొడితే ఒంటి వేడి లాగేస్తుంది, ముసలివాళ్లకూ పిల్లలకూ ఇది చిన్న విషయం కాదు. జీన్స్, మందపాటి నూలు బట్టలు నీళ్లు పీల్చుకుని బరువెక్కి రోజంతా ఆరవు. వానలో తిరగడానికి పాలిస్టర్ స్పోర్ట్స్ టీషర్టు, ట్రాక్ ప్యాంటు చాలు. పిండి దులిపితే చాలా వరకు ఆరిపోతాయి. నూలు లుంగీ, టవలు, ఒక జత పొడి బట్టలు మాత్రం సంచి అడుగున పాలిథిన్ కవరులో కట్టి ఉంచండి. వాటిని గూటికి చేరాకే విప్పాలి.

చెప్పులు, బూట్లు వరదలో మోసం చేస్తున్నాయి

ఎక్కువమంది నిర్లక్ష్యం చేసేది పాదాల్నే. డబ్బు తక్కువుంటే కోటు దగ్గర తగ్గించండి, కాళ్ల దగ్గర తగ్గించకండి.

హవాయి చెప్పులు బురదలో ఊడిపోతాయి, పారే నీటిలో కొట్టుకుపోతాయి. చెప్పు పోయాక కాలికి మేకో గాజు పెంకో గుచ్చుకుంటుంది. ఆ గాయంలోకి ఎలుకల మూత్రం కలిసిన వరద నీరు చేరితే లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వచ్చే ప్రమాదం ఉంది. కాలు తెగితే సబ్బుతో కడిగి, టీటీ ఇంజక్షన్ సంగతి డాక్టరును అడగండి.

గమ్‌బూట్లు బురదకూ పాముల భయానికీ చాలా మంచివి, కానీ నీటిమట్టం బూటు అంచు దాటనంత వరకే. నీళ్లు లోపలికి దిగాయంటే కాలు ఎత్తలేరు, పారే నీటిలో అది ప్రమాదం. మోకాలి లోతు ప్రవాహం కూడా మనిషిని పడేయగలదు కాబట్టి అసలు అందులో దిగకపోవడమే పద్ధతి. తప్పనిసరిగా నిలవ నీటిలో నడవాల్సి వస్తే పిల్లలు పీటీకి వేసుకునే క్యాన్వాస్ బూట్లు అన్నిటికన్నా నమ్మకం. రబ్బరు అడుగు, తాళ్లతో బిగుతు, నీళ్లు వచ్చినట్టే పోతాయి.

అటక మీద రెండు మూడేళ్లు దాచిన మంచి బూట్లు వేసుకున్న రోజే అడుగు పొడిపొడిగా రాలిపోవడం ఇంకో ఫిర్యాదు. పీయూ (పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్) అడుగులు వాడకపోయినా గాలిలో తేమకు లోపల్లోపలే చెడతాయి, తీరప్రాంతంలో తేమకు కొదవ లేదు. బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి, పగుళ్లు కనిపిస్తే ఆ అడుగు పని అయిపోయింది. పైభాగం బాగుంటే చెప్పులు కుట్టే ఆయన దగ్గర రబ్బరు అడుగు వేయించుకోవచ్చు. అతుకు మాత్రమే ఊడితే జిగురుతో సరిపెట్టకుండా చుట్టూ కుట్టించండి.

వేళ్ల సందులు నాని తెల్లబడి మంట పుడుతుంటే, తడి సాక్సు తీయకుండా గంటలు గడపడమే కారణం. రాత్రి కాళ్లు కడిగి, పూర్తిగా ఆరబెట్టి, పొడి సాక్సు వేసుకోండి.

కరెంటు పోగానే లైటు వెలగట్లేదు

చవక రీఛార్జి లైట్లలో చాలావాటికి లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉంటుంది. ఛార్జి లేకుండా నెలల తరబడి వదిలేస్తే చచ్చిపోతుంది. లిథియం బ్యాటరీది కానీ పెన్సిల్ సెల్సుది కానీ కొనండి. సెల్సు లైటులో ఉంచి దాచకండి, అవి కారి లోపలి రేకును తినేస్తాయి. ఆల్కలైన్ సెల్ కారి తెల్లటి పొడి పడితే వెనిగర్ అద్దిన దూదితో తుడిచి, ఆరాక రేకును సన్న గరుకు కాగితంతో రుద్దండి. చేతులు ఖాళీగా ఉంచే తల లైటు ఒక్కటి ఇంట్లో ఉంటే చాలా పనులు తేలికవుతాయి.

పవర్ బ్యాంకు 10000 ఎంఏహెచ్ అయినా 5000 ఎంఏహెచ్ ఫోను రెండు సార్లు నిండదు. వోల్టేజీ మార్పులో, వేడిలో కొంత పోతుంది, ఒకటిన్నర సార్లని లెక్క వేసుకోండి. దాన్ని సగం ఛార్జితో దాచి, తుఫాను హెచ్చరిక రాగానే నింపండి. తీరంలో వాతావరణం చెడడానికి కనీసం 48 గంటల ముందు వాతావరణ శాఖ తుఫాను అలర్ట్ ఇస్తుంది, కరెంటు ఉండగానే ఆ పని అయిపోవాలి.

టార్పాలిన్ పట్ట చిరిగిపోతోంది

చిరిగేది ఎప్పుడూ రింగుల దగ్గరే. పట్ట మొత్తం మీద పడిన గాలి బలమంతా ఆ రేకు రింగుల మీదికి వస్తుంది. రింగు ఊడితే పట్ట పారేయకండి. అంచుకు జానెడు లోపల ఒక నున్నటి గులకరాయి పెట్టి, పట్టతో చుట్టి, దాని మెడకు తాడు బిగించండి. రింగు కన్నా ఇదే గట్టిది. కొనేటప్పుడు జీఎస్ఎం (చదరపు మీటరు పట్ట ఎన్ని గ్రాముల బరువో చెప్పే లెక్క) అడగండి, వందకు అటూ ఇటూ ఉన్నది సామాన్లు కప్పడానికి మాత్రమే, పైకప్పు మీద వేయాలంటే రెండు వందలకు తగ్గకూడదు. తుఫాను గాలిలో ఏ పట్టా నిలవదు, గాలి తగ్గాక వేయాల్సిందే.

సంచిలో కాగితాలు తడిశాయి

సంచి మీద తొడుగు పైనుంచి పడే వానకే, వీపు వైపు నుంచి నీరు దిగుతూనే ఉంటుంది. సంచి లోపల మందపాటి పాలిథిన్ కవరు పెట్టి మూతి మెలిపెట్టి కట్టండి. ఆధార్, రేషన్ కార్డు, పట్టాదారు పాస్‌బుక్, మందుల చీటీ మరో జిప్ కవరులో ఉండాలి. ఆ కవరులో ముందు టిష్యూ కాగితం వేసి అరగంట బకెట్లో ముంచి చూడండి.

అదే సంచి మే నెలలో పనికిరావట్లేదు

కనిగిరి, మార్కాపురం వైపు వారికి వరద కన్నా ఎండే గండం. వానకు చెప్పిన పాలిస్టర్ ఇక్కడ వద్దు. వదులుగా ఉండే పొడుగు చేతుల నూలు చొక్కా, తలకు తడి తువ్వాలు, అంచు వెడల్పున్న టోపీ కావాలి. సంచిలో ఓఆర్ఎస్ పొట్లాలు ఉంచండి. పెద్ద పొట్లం లీటరు నీటికి, చిన్నది 200 మిల్లీలీటర్లకు. పొట్లం మీద రాసినదాన్ని బట్టే కలపాలి, చిన్న గ్లాసులో పెద్ద పొట్లం పోస్తే ఉప్పు ఎక్కువై పిల్లలకు హాని చేస్తుంది.