అమెరికాలో ఇండీ రెజ్లింగ్ షోకు మొదటిసారి వెళ్లేవారికి

టీవీలో డబ్ల్యూడబ్ల్యూఈ చూస్తూ పెరిగిన తెలుగువారిలో చాలామందికి ప్రొఫెషనల్ రెజ్లింగ్ అనగానే వేలమంది కూర్చునే స్టేడియం, బాణసంచా, పెద్ద తెర గుర్తుకు వస్తాయి. 2023 సెప్టెంబరు 8న హైదరాబాద్ గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో జరిగిన సూపర్‌స్టార్ స్పెక్టాకిల్ ఆ కోవలోనిదే. అయితే ఆ రాత్రి జాన్ సీనాకు జోడీగా రింగులోకి దిగిన సెత్ రోలిన్స్, అంతకు చాలా ఏళ్ల ముందు టైలర్ బ్లాక్ అనే పేరుతో చిన్న చిన్న హాళ్లలో ఆడి పేరు తెచ్చుకున్నవాడు. ఏ పెద్ద సంస్థతోనూ సంబంధం లేని ఈ చిన్న ప్రదర్శనలను అమెరికాలో ఇండిపెండెంట్ రెజ్లింగ్ అని, అభిమానుల మాటలో ఇండీ అని అంటారు. చదువు కోసమో ఉద్యోగం కోసమో అక్కడ ఉంటున్నవారికి ఏదో ఒక వారాంతంలో, కారులో వెళ్లగలిగే దూరంలో, ఇలాంటి షో ఒకటి దొరకకపోదు.

వీటి కోసం పెద్ద వేదికల జాబితాలు వెతికితే ప్రయోజనం ఉండదు. మాజీ సైనికుల సంఘమైన అమెరికన్ లీజియన్ హాళ్లు, హైస్కూలు జిమ్‌లు, కమ్యూనిటీ సెంటర్లు, ఒక్కోసారి బీరు తయారుచేసే చోట్లు వీటికి వేదికలు. ఫిలడెల్ఫియాలో ఇప్పుడు 2300 అరీనా అని పిలుస్తున్న ప్రసిద్ధ వేదిక ఒకప్పుడు బింగో ఆటలు జరిగిన హాలు. 2003లో మొదలైన పీడబ్ల్యూజీ (ప్రో రెజ్లింగ్ గెరిల్లా) అనే ఇండీ సంస్థ తన పేరుమోసిన షోలను ఏళ్ల తరబడి లాస్ ఏంజలస్ శివారు రెసీడాలోని ఒక అమెరికన్ లీజియన్ హాలులోనే నిర్వహించింది. టికెట్టు సాధారణంగా 20 నుంచి 40 డాలర్ల మధ్య ఉంటుంది. ప్రకటనలో రెండు సమయాలు కనిపిస్తాయి: ఒకటి తలుపులు తెరిచే సమయం, రెండోది బెల్ టైమ్, అంటే మొదటి మ్యాచ్‌కు గంట కొట్టే సమయం. సీట్లకు నంబర్లు లేకపోతే మొదటి సమయానికే చేరుకోవడం మంచిది. పోస్టరు మీద ఉన్న పేర్లన్నీ కనిపిస్తాయన్న హామీ లేదు. గాయాలు, విమానాల ఆలస్యం, వేరే సంస్థ నుంచి వచ్చిన పిలుపు కారణంగా కార్డు, అంటే ఆ రాత్రి మ్యాచ్‌ల పట్టిక, మారుతూనే ఉంటుంది.

ఎక్కడ కూర్చోవాలన్నది కొంచెం ఆలోచించి నిర్ణయించుకోవలసిన విషయం. హాలు నేల చదునుగా ఉండి కుర్చీలన్నీ ఒకే ఎత్తులో ఉంటే, మూడో వరుస నుంచి వెనక్కు వెళ్లేకొద్దీ, రెజ్లర్లు కింద పడుకుని పట్లు పడుతున్నప్పుడు ముందువారి తలలు తప్ప ఏమీ కనిపించవు. మొదటి వరుసలో అన్నీ కనిపిస్తాయి గాని, పోరాటం రింగు దాటి కుర్చీల మీదికి వచ్చినప్పుడు లేచి పక్కకు తప్పుకోవలసి వస్తుంది కనుక, పానీయాలు కాళ్ల దగ్గర పెట్టుకోకూడదు, చిన్నపిల్లలను అక్కడ కూర్చోబెట్టకూడదు. జిమ్‌లో మెట్ల వరుసలు ఉంటే నేను వాటికే ఓటు వేస్తాను. స్టాండు మీద ఒకేచోట నిలిపిన ప్రధాన కెమెరా ఎటువైపు ఉందో చూసుకుని అటే కూర్చుంటే ఇంకా మేలు. రెజ్లర్లు ముఖ్యమైన ఘట్టాలన్నీ ఆ కెమెరా వైపు తిరిగి చేస్తారు.

ఫలితం ముందే నిర్ణయమై ఉంటుందన్న సంగతి హాలులో అందరికీ తెలుసు. క్రీడల మీద ఉండే ప్రభుత్వ నియంత్రణ నుంచి, పన్ను నుంచి బయటపడటానికి, తమది వినోదమేనని 1989లో, ఇప్పటి డబ్ల్యూడబ్ల్యూఈకి అప్పటి పేరైన డబ్ల్యూడబ్ల్యూఎఫ్ సంస్థే న్యూజెర్సీ రాష్ట్ర సెనేట్ ముందు ఒప్పుకుంది. కాబట్టి పక్కవారికి ఆ రహస్యం చెప్పబోవడం అనవసరం. హిరణ్యకశిపుడు చివరికి చస్తాడని తెలిసి కూడా వీధి భాగవతం ముందు జనం తెల్లవార్లూ కూర్చునేవారు కదా, ఇదీ అంతే.

ఇక చూడవలసిన పద్ధతి. కొత్తవారి చూపు సహజంగా దెబ్బ కొట్టేవాడి మీద ఉంటుంది. నా మాట విని, దెబ్బ తినేవాడిని చూడండి. పైకెత్తి పడవేసే పట్టులో సగం పని ఎత్తబడేవాడిదే: సరైన క్షణంలో ఎగిరి బరువు తగ్గిస్తాడు, పడేటప్పుడు గడ్డాన్ని ఛాతీకి ఆనించి తలను కాపాడుకుంటాడు, తాకిడి ఒకేచోట పడకుండా వీపు మొత్తాన్ని ఒక్కసారిగా నేలకు తాకిస్తాడు. దీనినే బంప్ అంటారు, రెజ్లింగ్ బడిలో మొదట నేర్పే పాఠాలలో ఇదొకటి. రింగు అంటే ఉక్కు చట్రం, దాని మీద చెక్క పలకలు, వాటి మీద పలుచని ఫోమ్, ఆపైన కాన్వాస్ గుడ్డ, అంతే; టీవీలో అంతగా తెలియని ఆ చెక్కల చప్పుడు చిన్న హాలులో గుండెకు తగులుతుంది. పిడిగుద్దులు ఎక్కువగా నటనే గాని, చాచిన చేతితో ఛాతీ మీద కొట్టే చాప్ మాత్రం నిజమైన దెబ్బ. రెండు నిమిషాలలో ఛాతీ ఎర్రబడటం మీరే చూస్తారు. ప్రతి చాప్‌కూ జనం ‘వూ’ అని అరవడం రిక్ ఫ్లెయిర్ నుంచి వచ్చిన అలవాటు.

దెబ్బ తగిలినట్టు శరీరంతో నమ్మించడాన్ని సెల్లింగ్ అంటారు. మంచి రెజ్లరుకు, మామూలు రెజ్లరుకు తేడా ఇక్కడే బయటపడుతుంది. మ్యాచ్ మొదట్లో ప్రత్యర్థి మోకాలిని మెలిపెట్టాడనుకోండి. పదిహేను నిమిషాల తర్వాత తాను గెలిచే ఊపులో తాళ్ల వైపు పరుగెత్తేటప్పుడు కూడా ఆ కాలు కుంటుతోందా లేదా గమనించండి. ఇంకో చిన్న సంగతి: అమెరికాలో సాధారణంగా ప్రత్యర్థి ఎడమ చేయి, ఎడమ కాలి మీదే పట్లు పడతారు, మెక్సికో సంప్రదాయంలో కుడివైపు. అటు నుంచి వచ్చిన రెజ్లరు కార్డులో ఉంటే ఈ తేడాను ఇద్దరూ ఎలా సర్దుకుంటారో చూడటం ఒక సరదా.

ఇద్దరేసి జట్లుగా ఆడే ట్యాగ్ మ్యాచ్ మొదటిసారి చూసేవారికి సులభంగా అర్థమవుతుంది. మంచి జట్టులో ఒకడిని దుష్ట జట్టు తమ మూలకు లాగి చాలాసేపు చితకబాదుతుంది, వాడు మెల్లగా పాకుతూ, తన బదులు జోడీని రింగులోకి దించడానికి అతని చేతిని అందుకోబోతాడు, సరిగ్గా అప్పుడే ఎవరో కాలు పట్టి వెనక్కు లాగుతారు. ఇలా రెండు మూడుసార్లు ఊరించి చివరకు చేతులు తగిలినప్పుడు హాలు లేచి నిలబడుతుంది. ఈ కథ ఎన్నిసార్లు చూసినా పనిచేస్తుందంటే, అరిచే జనం అందులో నాలుగో వంతు పని చేస్తున్నారు కాబట్టే.

ఆ పని మీరు కూడా చేయాలి. అభిమానులు బేబీఫేస్ అని పిలిచే మంచివాడికి చప్పట్లు కొట్టండి, హీల్ అని పిలిచే చెడ్డవాడిని గట్టిగా ‘బూ’ అని వెక్కిరించండి. భుజాలు రెండూ నేలకు ఆనినప్పుడు రిఫరీ కొట్టే మూడు లెక్కలను హాలంతా కలిసి లెక్కపెడుతుంది. రెండున్నర దగ్గర భుజం లేచినప్పుడు అనుకోకుండా మీ నోటి నుంచి కేక వస్తే మ్యాచ్ బాగున్నట్టే. హీల్ మిమ్మల్నే వేలెత్తి చూపి తిట్టినా అది పాత్ర మాత్రమే, నవ్వుతూ తిరిగి అరవవచ్చు. అయితే రెజ్లరును తాకకూడదు, రంగు, జాతి, శరీరాకృతి మీద మాటలు విసరకూడదు. మహిళా రెజ్లర్ల మ్యాచ్‌లలో ఈ హద్దు మరచేవారు ఇప్పటికీ కనిపిస్తారు, వారి పక్కన కూర్చోవలసి రావడం ఈ అలవాటులోని అతి పెద్ద చిరాకు. ఒకటి మాత్రం బాగా గుర్తుంచుకోండి: రిఫరీ రెండు చేతులనూ తల మీద ఎక్స్ ఆకారంలో అడ్డంగా పెడితే, గాయం నిజమని తెరవెనుక వారికి చెబుతున్నాడని అర్థం. ఈ సంకేతాన్ని కథ కోసం వాడుకున్న సందర్భాలూ ఉన్నాయి గాని, నిజమనే భావించి నిశ్శబ్దంగా ఉండటమే మర్యాద.

పిల్లలతో వెళ్లేవారు పోస్టరులో డెత్‌మ్యాచ్ అన్న మాట ఉందేమో చూసుకోవాలి. ట్యూబులైట్లు, ముళ్లతీగలు వాడే ఆ మ్యాచ్‌లలో రక్తం నిజంగానే కారుతుంది, గాజు ముక్కలు ముందు వరుసల దాకా ఎగురుతాయి. ఇష్టపడేవారు ఇష్టపడతారు, మొదటి షోకు మాత్రం నేను సిఫారసు చేయను.

విరామంలో టీషర్టులు, సంతకం చేసిన ఫొటోలు అమ్మే బల్లల దగ్గరకు తప్పక వెళ్లండి. కొత్తవారికి షో నిర్వాహకులు ఇచ్చే డబ్బు పెట్రోలు ఖర్చుకే సరిపోకపోవచ్చు; ‘ఒక హాట్ డాగ్, ఒక కరచాలనం’ అన్నది ఆ వృత్తిలో జీతం మీద వేసుకునే పాత జోకు. అందువల్ల బల్ల దగ్గర అమ్మిన ఒక టీషర్టు వారి ఆ రాత్రి సంపాదనను గణనీయంగా మారుస్తుంది. నగదు దగ్గర ఉంచుకోండి, ఫొటో దిగే ముందు ధర అడగండి, ఏమీ కొనకుండా ఎక్కువసేపు కబుర్లు చెబుతూ వెనుకవారిని ఆపకండి. చేయి కలిపితే మెత్తగా కలపండి: రెజ్లర్లు తమలో తాము సుతారంగానే చేయి కలుపుతారు, రింగులో నీకు దెబ్బ తగలనివ్వను అన్న భరోసా అందులో ఉందని చెబుతారు.

ఏడెనిమిది మ్యాచ్‌లతో షో రెండున్నర, మూడు గంటలు నడుస్తుంది. చివరి గంట మోగాక రెజ్లింగ్ నేర్చుకునే కుర్రాళ్లు రింగు విప్పడం మొదలుపెడతారు గనుక దారికి అడ్డం లేకుండా బయటకు రండి. నచ్చినవారి పేర్లు ఆ రాత్రే రాసుకుని కేజ్‌మ్యాచ్ వెబ్‌సైటులో వెతికితే, వారు ఇంతకుముందు ఎవరితో, ఎక్కడ ఆడారో తెలుస్తుంది. తర్వాతి షో ఏ ఊళ్లో ఉందో తెలుసుకోవడానికి వారి సోషల్ మీడియా ఖాతాలు చూస్తే సరిపోతుంది.