సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు: నెల్లూరు ఎండలో మొరాయిస్తే ముందు ఎక్కడ చూడాలి

పాతిక లక్షల కారు పదేళ్లకు ఐదారు లక్షలకు దిగొస్తుంది. దాని క్లచ్, టైర్లు, బ్రేకు డిస్కుల ధరలు మాత్రం దిగవు. ఈ సంగతి నాకు కారు కొన్న నాలుగో నెలలో, నెల్లూరు మద్రాసు బస్టాండు ట్రాఫిక్‌లో తెలిసొచ్చింది. బెంగళూరు నుంచి తెచ్చుకున్న టర్బో పెట్రోల్ ఆటోమేటిక్. కావలి నుంచి హైవే మీద గాలిలా వచ్చిన బండి, ఊళ్లోకి రాగానే జట్కాలా ఊగడం మొదలుపెట్టింది.

రెండు సీట్ల అసలు స్పోర్ట్స్ కార్లు మన వైపు అరుదు. నెల్లూరు, ఒంగోలు కుర్రాళ్లు ముచ్చటపడి కొనేది ఎక్కువగా ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ, స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ లాంటి బళ్లే. కింద రాసిందీ ఆ తరహా వాటి గురించే.

ట్రాఫిక్‌లో ఒకటి, రెండు గేర్ల మధ్య కుదుపు

ముందు మీ గేర్‌బాక్సు ఏదో తెలుసుకోండి. డీఎస్‌జీ అంటే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్సు. అందులో 7 గేర్ల డీక్యూ200 రకంలో ఉండేవి పొడి క్లచ్‌లు. మాన్యువల్ కారులో లాగే ప్లేట్లు రాసుకుని అరుగుతాయి, కాకపోతే తొక్కేది మన కాలు కాదు, మెకట్రానిక్ అనే యూనిట్. ఆత్మకూరు బస్టాండు దగ్గర ముందు ఆటో వెనకాలే అంగుళం అంగుళం పాకిస్తుంటే అది హాఫ్ క్లచ్‌లోనే నడుస్తోందని అర్థం. వేడెక్కి కుదుపు వస్తుంది.

నా బండి చూసిన మొదటి మెకానిక్ కనీసం స్కానర్ కూడా పెట్టకుండా, "గేర్‌బాక్సు మొత్తం మార్చాల్సిందేనన్నా" అన్నాడు. ఆ మాట విని రెండు రాత్రులు నిద్ర లేదు. అట్టాంటి మాట ఎవరన్నా అంటే ముందు స్కానర్‌తో బండి దాచుకున్న లోపాల కోడ్లు చదివించి, ఆ ప్రింటు చేతికి తీసుకోండి. ఈ గేర్‌బాక్సులో 1, 3, 5, 7 గేర్లు ఒక క్లచ్ మీద, 2, 4, 6, రివర్స్ ఇంకో క్లచ్ మీద ఆధారపడతాయి. బండి వేడిగా ఉన్నప్పుడు, నెమ్మదిగా పాకించేటప్పుడు మాత్రమే కుదుపు వస్తుంటే అనుమానం క్లచ్ మీదే. ఒక వరస గేర్లన్నీ ఒక్కసారిగా మాయమైనా, రివర్స్ పడకపోయినా, డాష్‌బోర్డులో గేర్ గుర్తు మిణుకుమిణుకుమన్నా మెకట్రానిక్‌ను చూడాలి.

ఖర్చు తక్కువ పని నుంచే మొదలుపెట్టాలి. స్కానర్‌తో క్లచ్ అడాప్టేషన్, అంటే క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో యూనిట్‌కు మళ్లీ నేర్పించడం, చేయిస్తే కొన్నిసార్లు అక్కడితో సరిపోతుంది. నాకు రెండు నెలలు సరిపోయింది, తర్వాత చెన్నైలో క్లచ్ ప్యాకు మార్పించక తప్పలేదు, లక్షకు కాస్త తక్కువైంది. అయినా గేర్‌బాక్సు మార్చుంటే అయ్యేదాని ముందు అది ఏ మూలకూ రాదు. ఇప్పుడు ముందు బండికి రెండు కార్లంత జాగా వదిలి, అది ఖాళీ అయ్యాకే కదులుతున్నాను. వెనకోడు హారన్ కొడతాడు, కొట్టనీండి.

2017లో వచ్చిన ఆక్టేవియా ఆర్ఎస్‌లో ఉన్నది 6 గేర్ల తడి క్లచ్ బాక్సు, అంటే క్లచ్‌లు నూనెలో మునిగి ఉంటాయి. దీనికి 60,000 కిలోమీటర్లకోసారి గేర్ ఆయిల్, ఫిల్టరు మార్చాలి. అమ్మేవాడు "లైఫ్‌టైమ్ ఆయిలబ్బా, ముట్టుకోనక్కర్లేదు" అంటే ఆ బిల్లు లేదని అర్థం.

దారిలో ఆగిపోతే ముందు చక్రాలు నేలకానించి తాడుతో లాగొద్దు. ఫ్లాట్‌బెడ్ పిలవండి. నెల్లూరు నుంచి చెన్నైకి 175 కిలోమీటర్ల పైచిలుకు, ఆ బాడుగ కూడా మీ లెక్కలో ఉండాలి.

కూలెంట్ తగ్గుతోంది, కింద తడి మాత్రం లేదు

రోహిణి ఎండకు రోళ్లు పగులుతాయంటారు, ప్లాస్టిక్ ఎంత? ఈ ఇంజిన్లలో చాలావాటికి థర్మోస్టాట్, వాటర్ పంపు ఉండే హౌసింగు ప్లాస్టిక్‌దే. ఏళ్ల తరబడి వేడికి వంకరపోయి, సన్నగా కారుతుంది. కారింది నేల దాకా రాకుండా వేడి ఇంజిన్ మీదే ఆవిరైపోతుంది. గులాబీ రంగు పెచ్చు, తియ్యటి వాసన దాని ఆనవాళ్లు.

డాష్‌బోర్డులో ముల్లును నమ్మొద్దు. ఫోక్స్‌వ్యాగన్, స్కోడాల్లో ఉష్ణోగ్రత కాస్త అటూ ఇటూ అయినా అది 90 మీదే నిలబడేలా పెట్టారు. ముల్లు పైకి లేచిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు. స్కానర్ పెట్టే సాకెట్లోనే గుచ్చే చౌక ఓబీడీ డాంగిల్ పెట్టుకుంటే ఫోనులో అసలు అంకె కనిపిస్తుంది.

ఇంజిన్ చల్లారాక ప్రెషర్ టెస్ట్ చేయించి, కారేది హౌసింగైతే మొత్తం సెట్టు మార్పించండి, అతుకులు నిలవవు. మామూలుగా బోరు నీళ్లు పోయొద్దు, మన నీళ్లలో ఉప్పు ఎక్కువ, లోపల గారలా గట్టిపడుతుంది. కంపెనీ చెప్పిన కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ కలిపి పోయాలి. దారిలో వేరే గతి లేక మంచినీళ్ల సీసా పోస్తే పోశారు, ఇంటికొచ్చాక మొత్తం కడిగించండి. వేడి మీద మూత తిప్పారో, చెయ్యి కాలుతుంది.

కారడం లేకుండానే వేడెక్కుతుంటే రేడియేటరు ముందు టార్చి వేసి చూడండి. కోతల కాలంలో రోడ్డు మీద ఆరబోసిన వడ్ల నుంచి లేచిన పొట్టు, పురుగులు, దుమ్ము కలిసి దుప్పటిలా పట్టేస్తాయి. ఇంజిన్ వైపు నుంచి బయటికి, తక్కువ ఒత్తిడి నీళ్లతో కడగాలి. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే రెక్కలు పడుకుండిపోతాయి.

ఓవర్‌టేక్ చేయబోతే వణుకు, చెక్ ఇంజిన్ లైటు మిణుకు

మిణుకుమంటోందంటే మిస్‌ఫైర్, అంటే ఏదో సిలిండరులో పెట్రోలు సరిగా మండడం లేదు. వెంటనే యాక్సిలరేటరు మీంచి కాలు తీయండి, కాలని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది. కోడు పీ0302 వస్తే రెండో సిలిండరు. దాని ఇగ్నిషన్ కాయిల్ తీసి మూడోదానికి పెట్టండి. కోడు పీ0303కి మారితే కాయిల్ పోయినట్టే, మారకపోతే స్పార్క్ ప్లగ్ చూడండి. పావుగంట పని, పైసా ఖర్చు లేదు.

రెండూ బాగుంటే, కిలోమీటర్లు ఎక్కువ తిరిగిన బండైతే, ఇన్‌టేక్ వాల్వుల మీద మసి ఉండొచ్చు. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోలు నేరుగా సిలిండరులోకే పోతుంది, వాల్వును కడగదు. అందుకే ట్యాంకులో పోసే క్లీనర్ సీసాలు ఆ మసిదాకా చేరవు. మానిఫోల్డ్ విప్పి వాల్‌నట్ పెంకుల పొడితో కొట్టించాలి.

స్టీరింగ్ వణుకు

బ్రేకు తొక్కినప్పుడే వణికితే డిస్కులు. ఎనభై దాటాక ఎప్పుడూ వణికితే బ్యాలెన్సింగు, లేదా వంగిన రిమ్ము. ముత్తుకూరు రోడ్డులో పోర్టు లారీలు, చీమకుర్తి వైపు గ్రానైట్ లారీలు తవ్విన గుంతల్లో పక్క గోడ పొట్టిగా ఉండే ఈ బళ్ల టైరు పడితే పక్కన బుడ్డ లేస్తుంది. బుడ్డ లేచిన టైరుకు మరమ్మతు లేదు, మార్చడమే. కొనేటప్పుడు టైరు మీద తయారీ తేదీ చెప్పే నాలుగు అంకెలు చూడండి: 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. రంగు వెయ్యని స్పీడ్ బ్రేకరుకు అడుగు తగిలితే, దిగి ఇంజిన్ కింది నూనె తొట్టి (సంపు) దగ్గర నూనె చుక్కలున్నాయేమో చూశాకే కదలండి.

తెల్లారి బ్రేకుల్లో గరగర

మైపాడు, కొత్తపట్నం బీచ్‌లకు వెళ్లొచ్చిన మర్నాడు ఇది మామూలే, డిస్కు మీద పైపై తుప్పు. నాలుగుసార్లు బ్రేకు తొక్కితే పోతుంది. అడుగు భాగాన్ని మంచినీళ్లతో కడగడం మర్చిపోవద్దు.

వారం నిలిపితే స్టార్టు కాదు

బ్యాటరీ పరీక్షించండి. అది బాగుంటే బానెట్ ఎత్తి వైర్లు చూడండి. మిల్లుల పక్క వీధుల్లో ఉండేవాళ్లకు ఎందుకో వేరే చెప్పక్కర్లేదు, ఎలుకలు.

ఏడాదైనా నంబరు పాత రాష్ట్రానిదే

ఇది కారు జబ్బు కాదు గానీ, ఇదీ పెద్ద ఖర్చే. పన్నెండు నెలలు దాటి ఇక్కడే ఉంచితే ఏపీ నంబరు తీసుకోవాల్సిందే, లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. ఆ మొత్తం ఎంతవుతుందో బేరానికి ముందే ఆర్టీఓ ఆఫీసులో కనుక్కోండి. ఎన్ఓసీకి, అంటే బండిని వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి పాత ఆర్టీఓ ఇచ్చే అభ్యంతరం లేదన్న పత్రానికి, ఫారం 28, పేరు మార్పుకు 29, 30, లోను తీరిన బండైతే 35 కావాలి. ఎన్ఓసీ చేతికి వచ్చేదాకా ఒక యాభై వేలు అమ్మేవాడికి ఇవ్వకుండా మీ దగ్గరే ఉంచుకోండి. డబ్బంతా ముట్టాక బెంగళూరులో ఫోను ఎత్తేవాడు ఉండడు.