స్కాన్ చదవడం, 5వ పాఠం: పాత మచ్చ, కొత్త దెబ్బ

పోయిన పాఠంలో పక్షవాతం (స్ట్రోక్) వచ్చిన మనిషి మెదడు సీటీకి ఆస్పెక్ట్స్ స్కోరు 9. మెదడులో పది ప్రాంతాలు చూసి, దెబ్బతిన్న ఒక్కో ప్రాంతానికి 10లోంచి ఒక మార్కు తీసేసే లెక్క ఇది. మీలో చాలామంది 6 అన్నారు, కొందరు 5 దాకా దిగారు. జఠరికల (మెదడు లోపల నీరుండే గదుల) చుట్టూ ఉన్న మసకకూ మార్కులు కోసేయడమే కారణం. అందుకే ఈసారి అనుకున్న పాఠం వాయిదా వేసి ఆ మసక సంగతే తేల్చుకుందాం. పది ప్రాంతాల పేర్లు మళ్లీ చెప్పను.

ఆస్పెక్ట్స్‌లో మార్కు పోయేది కొత్త దెబ్బకే. బీపీ, షుగరు, వయసు కలిసి సన్నటి రక్తనాళాలను ఏళ్ల తరబడి పాడుచేస్తే వచ్చే మచ్చల లెక్క వేరు. ఆ మసక రెండువైపులా దాదాపు ఒకేలా ఉంటుంది, మెదడు పైపొర జోలికి పోదు. కొత్త దెబ్బ ఒక నాళం పరిధిలో, ఒక పక్కనే ఉంటుంది. అక్కడ మెదడులోని బూడిదరంగు, తెలుపు పదార్థాల (గ్రే, వైట్ మ్యాటర్) మధ్య గీత చెరిగిపోతుంది, మడతలు పూడుకుంటాయి. పాత ఇన్‌ఫార్క్ట్ (రక్తం అందక చచ్చిపోయిన భాగం) అయితే నీటిలా నల్లగా, అంచు తెగినట్టు ఉంటుంది. పక్కనున్న జఠరిక దానివైపు సాగుతుంది. కొత్త దెబ్బ వాపు జఠరికను నొక్కుతుంది, పాత గుంట లాగుతుంది. నేను మొదట చూసేది ఇదే.

ఎంఆర్‌ఐలో అందరూ పడే గుంట ఇంకోటుంది. డిఫ్యూజన్‌లో (కణజాలంలో నీటి కదలికను పట్టే బొమ్మలో) తెల్లగా కనబడగానే "కొత్తది" అని రాసేస్తారు. ఆ బొమ్మలో టీ2 (నీరు ఎక్కువున్న చోటు తెల్లగా కనబడే ఎంఆర్‌ఐ బొమ్మ) వెలుగు కూడా కలిసే ఉంటుంది. టీ2లో బాగా మెరిసే పాత మచ్చ ఇక్కడా మెరుస్తుంది. దీన్నే టీ2 షైన్‌త్రూ అంటారు. ఏడీసీ మ్యాపులో (నీటి కదలిక ఎంతో అంకెల్లో లెక్కగట్టిన బొమ్మలో) టీ2 ప్రభావం తీసేసి లెక్క కడతారు కాబట్టి అసలు సంగతి అక్కడ తేలుతుంది: నల్లగా ఉంటే కొత్తది, తెల్లగా ఉంటే పాతది. ఏడీసీ తెరవకుండా డిఫ్యూజన్ మీద ఒక్క మాటా రాయొద్దు. ఇక్కడా ఒక మెలిక ఉంది. వారం, పది రోజులకు ఏడీసీ నలుపు మామూలు రంగుకు వచ్చేస్తుంది, డిఫ్యూజన్ తెలుపు మాత్రం ఇంకా పోదు. కాబట్టి లక్షణాలు మొదలైన తేదీ, వేళ కాగితం పైన రాసుకున్నాకే బొమ్మ తెరవండి.

పాత మచ్చలు ఎంత ఉన్నాయో చెప్పే ఫజేకాస్ స్కోరును ఫ్లెయిర్‌లో (మామూలు నీటి తెలుపును అణిచేసి మచ్చలను చూపే ఎంఆర్‌ఐ బొమ్మలో) వేయండి. జఠరికల చుట్టూ సన్న గీత 1, నున్నటి పట్టీ 2, లోపలికి చొచ్చుకుపోతే 3. లోతు తెలుపు పదార్థంలో చుక్కలు 1, కలవడం మొదలైతే 2, పెద్ద మడుగులైతే 3. 3 నుంచి 15 మిల్లీమీటర్ల లాక్యూన్‌లను (లోతులో నీరు నిండిన చిన్న పాత గుంటలను) విడిగా లెక్కపెట్టండి.

ఇదంతా ఎందుకంటే, నాళంలో అడ్డుపడ్డ రక్తపు గడ్డ తీసినంత మాత్రాన మనిషి లేచి నడవడు. 2016లో 5 ట్రయల్స్ కలిపి చూస్తే, థ్రాంబెక్టమీలో (నాళంలోకి సన్నటి గొట్టం పంపి గడ్డ తీసే చికిత్సలో) నాళం బాగా తెరుచుకున్నది 71 శాతం మందిలో. 90 రోజులకు తమ పనులు తాము చేసుకోగలిగినవారు 46 శాతమే. ఈ తేడాకు ఆలస్యం, వయసు, రక్తస్రావం లాంటి కారణాలు చాలా ఉన్నాయి. ముందే దెబ్బతిన్న తెలుపు పదార్థం వాటిలో ఒకటి. చెడిన దారికి బదులు వాడుకునే పక్కదారులు అప్పటికే తెగి ఉంటాయి.

అలాగని ఫజేకాస్ 3 చూసి చికిత్స మానేయమనడం తప్పు. థ్రాంబెక్టమీ చేయనివారిలో ఆ 46 శాతం కాస్తా 26.5 శాతమే. ఈ స్కోరు కుటుంబానికి ఏం ఆశించవచ్చో చెప్పడానికి, ఫిజియో ప్రణాళిక వేయడానికి.

అభ్యాసం: పేరు, వయసు, రిపోర్టు కప్పేసి 20 ఎంఆర్‌ఐలకు రెండు ఫజేకాస్ అంకెలు, లాక్యూన్‌ల సంఖ్య రాయండి. వారం తర్వాత పాత జవాబులు చూడకుండా మళ్లీ వేయండి. 4 స్కాన్‌లకు మించి అంకె మారితే 20 కొత్తవి తీసుకోండి.